పేరు చెప్పకముందు ఒకసారి, చెప్పిన తరువాత ఒకసారి: మతం, సంగీతం, మనసు గురించిన శ్రవణ గోష్ఠి నడపడం ఎలా

గుంటూరు ప్రాంతపు చర్చిల్లో పాడుకునే తెలుగు క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే, చాలా కీర్తనల తలమీద శంకరాభరణం, ఆనందభైరవి, బిలహరి అంటూ రాగం పేరూ, దాని పక్కనే తాళం పేరూ అచ్చయి కనిపిస్తాయి. 1842లో జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ గుంటూరుకు వచ్చి లూథరన్ మిషన్ పని మొదలుపెట్టిన ఆ శతాబ్దంలోనే పురుషోత్తమ చౌదరి వంటి తెలుగు కవులు కర్ణాటక రాగాల్లో క్రైస్తవ కీర్తనలు రచించారు. అందువల్ల ఇక్కడి క్రైస్తవుల చెవికీ హిందువుల చెవికీ రాగాలు చాలావరకు ఉమ్మడి ఆస్తి. అయినా నేను మనస్తత్వశాస్త్రం బోధించే రోజుల్లో, ఒక తరగతిలో ఆనందభైరవిలోని ఒక కీర్తన వరుసను మాటలు లేకుండా వీణ మీద వాయించినప్పుడు, ఒక విద్యార్థిని కళ్ళు తుడుచుకుంటూ ఇది తన నాయనమ్మ పాడే కీర్తన అని చెప్పింది. ఆమె పక్కనే కూర్చున్న అమ్మాయి, ఇది పెళ్ళిపాట వరుస కదా, ఇందులో ఏడవడానికి ఏముందని ఆశ్చర్యపోయింది. ఇద్దరూ విన్నది ఒకే వీణను, ఒకే నిమిషంలో, ఒకే గదిలో.

ఆ రోజు నుంచి నేను విజయవాడలోనూ గుంటూరులోనూ చిన్న చిన్న శ్రవణ గోష్ఠులు నడుపుతూ వచ్చాను. వాటి పద్ధతిని అధ్యాపకులకు, సంగీతం నేర్పేవారికి, గ్రంథాలయాల నిర్వాహకులకు, వివిధ మతాల పిల్లలుండే వసతి గృహాల పెద్దలకు ఉపయోగపడుతుందన్న నమ్మకంతో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పద్ధతి మొత్తం ఒక్క ఆలోచన మీద నిలబడింది: మనిషి సంగీతాన్ని స్వరంగా వినే క్షణానికీ, అది ‘మనది’ లేక ‘వాళ్ళది’ అని తెలిసిన క్షణానికీ మధ్య చిన్న ఎడం ఉంటుంది, ఆ ఎడాన్ని కొంచెం పెద్దది చేసి, అందులో మనసు ఏం చేస్తుందో ఎవరికి వారు చూసుకునే వీలు కల్పించాలి. సంగీతానికి మతం లేదని నిరూపించడం ఈ గోష్ఠి పని కాదు. అలా నిరూపించాలన్న పట్టుదలతో వచ్చే నిర్వాహకులు, పాటతో పాటు ప్రాణం పెట్టి ప్రార్థించేవారి మాటను వినకుండానే ముగింపు రాసుకుని ఉంటారు.

ఎవరిని పిలవాలి

ఎనిమిది నుంచి పన్నెండు మంది వరకు చాలు. అంతకు మించితే చివర్లో జరిగే సంభాషణలో నెమ్మదస్తులకు మాట దొరకదు. పిలిచేటప్పుడు ఇద్దరు హిందువులు, ఇద్దరు క్రైస్తవులు, ఇద్దరు ముస్లింలు అని తూకం వేసి పిలవకండి; ఆ లెక్క వినగానే వచ్చినవారు తమ మతానికి ప్రతినిధులమని అనుకుంటారు, ఆ క్షణం నుంచి తమ మనసులో ఏం జరిగిందో చెప్పడం మాని తమవారు ఏమనుకోవాలో చెప్పడం మొదలుపెడతారు. మతం పేరు కంటే మూడు సంగతులు ముందుగా, విడివిడిగా, వ్యక్తిగతంగా కనుక్కోవడం ఎక్కువ ఉపయోగకరం. వారు రోజూ ప్రార్థన గానీ పూజ గానీ నమాజు గానీ చేస్తారా? ఆరాధనలో తామే పాడతారా, వాయిస్తారా, లేక వింటారా? ఇప్పుడు ఏదైనా దీక్షలో గానీ ఉపవాస కాలంలో గానీ ఉన్నారా?

మొదటి ప్రశ్నకు ఆధారం ఉంది. మనస్తత్వవేత్తలు గోర్డన్ ఆల్‌పోర్ట్, మైకేల్ రాస్ 1967లో మతనిష్ఠను రెండు తీరులుగా విడదీసి చూపారు: మతాన్ని జీవితానికి మూలంగా లోపల నుంచి జీవించేవారు ఒక తీరు, సంఘంలో స్థానం, ఊరట, పరిచయాలు వంటి ప్రయోజనాల కోసం మతాన్ని ఆశ్రయించేవారు మరొక తీరు. ఒకే చర్చికి వెళ్ళే అన్నదమ్ములిద్దరిలో ఒకరికి కీర్తన దేవునితో మాట, మరొకరికి ఆదివారపు బంధుమిత్రుల కలయిక. పాట విన్నప్పుడు ఈ ఇద్దరిలో కలిగే స్పందనలను ‘క్రైస్తవ స్పందన’ అనే ఒకే డబ్బాలో వేస్తే రెండూ పాడవుతాయి. అలాగే గుణదల మరియమాత తిరునాళ్ళకు కాలినడకన వచ్చే ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) కుటుంబం, కీబోర్డు, డ్రమ్ముల హోరులో ఆరాధించే పెంతెకొస్తు కుటుంబం, పాత రాగాల కీర్తనలు పాడే లూథరన్ కుటుంబం ఒకే గ్రంథాన్ని చదివినా ఒకే చెవితో వినరు.

మూడో ప్రశ్నను చాలామంది నిర్వాహకులు మరచిపోతారు. భవానీ దీక్షలో ఉండి ఎర్రని వస్త్రాలు ధరించి, ఇంద్రకీలాద్రి మీద మాల విరమించే రోజు కోసం ఎదురుచూస్తున్న యువకుడికి అమ్మవారి పాట వినిపిస్తే కలిగే స్పందన, అదే యువకుడికి వేసవి సెలవుల్లో అదే పాట వినిపిస్తే కలిగే స్పందన కాదు. మత గుర్తింపు మనిషిలో ఎప్పుడూ ఒకే మోతాదులో వెలుగుతూ ఉండే దీపం కాదు. దసరాలో, రంజాన్ మాసంలో, ఈస్టరుకు ముందు వచ్చే క్రైస్తవుల శ్రమకాలంలో దాని వత్తి పైకి లేస్తుంది. ఆ రోజుల్లో గోష్ఠి పెట్టకూడదని నేను అనను, పెడితే మాత్రం తేదీ పక్కన ఆ సంగతి రాసుకోండి.

దేవుణ్ణి నమ్మనివారిని కూడా పిలవండి. నాస్తికోద్యమ నాయకుడు గోరా 1940లో ముదునూరులో స్థాపించిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడకు తరలి, పటమటలో స్థిరపడింది. ఆ ప్రభావంలో పెరిగిన కుటుంబాలు ఈ నగరంలో ఉన్నాయి. భక్తిగీతం వినగానే వారిలో కొందరికి కలిగే బిగువు కూడా ఒక గుర్తింపు నుంచి పుట్టేదే. పేరు తెలియకముందు హాయిగా తల ఊపి, తెలిసిన తరువాత ఆ ఊపును ఆపుకున్నవారు ఆస్తికుల్లోనే కాదు, నాస్తికుల్లోనూ నాకు కనిపించారు.

ఎక్కడ, ఎప్పుడు

కల్యాణ మండపం, చర్చి హాలు, షాదీఖానా, ఆశ్రమం వద్దు. బడిలో తరగతి గది గానీ, గ్రంథాలయంలో చదువుకునే గది గానీ మేలు. కుర్చీలు వేయండి. చాప పరచి చెప్పులు బయట విడవమంటే, ఆ ఒక్క పనితోనే సగం మంది శరీరాలు ఆరాధనకు సిద్ధమవుతాయి. అగరుబత్తి వాసన కూడా అంతే పని చేస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం, ఆదివారం ఉదయం ఎటూ కుదరవు. శనివారం అందరికీ ఖాళీ అనుకోకండి, ఏడవ దినపు అడ్వెంటిస్టులకు అది విశ్రాంతి దినం. ఆదివారం మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు వరకు పెట్టుకుంటే, సాయంత్రానికి ముందు చేసే అసర్ నమాజుకు వెళ్ళేవారికి కూడా ఇబ్బంది ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం మానుకోండి. మన ఎండల్లో పంకాలన్నీ తిరిగే గదిలో వీణ వినపడదు.

ఏమి వినిపించాలి, ఏమి వినిపించకూడదు

గోష్ఠి బాగుండటం గానీ చెడటం గానీ ఇక్కడే తేలుతుంది కనుక దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పవలసి ఉంది. ముందుగా నేను చేసిన ఒక తప్పు చెబుతాను. మొదట్లో నిర్వహించిన ఒక గోష్ఠిలో వీణ ఆలాపనకూ, సూఫీ భక్తిగానమైన ఒక ఖవాలీకీ మధ్య, అన్ని సంప్రదాయాలకూ చోటివ్వాలన్న ఉద్దేశంతో, ఖురాన్ పారాయణం రికార్డింగు వినిపించాను. ఒక ముస్లిం గృహిణి కలం కింద పెట్టి, దుపట్టా తల మీదికి లాక్కుని, అది ముగిసే వరకు తల వంచుకుని కూర్చున్నారు. కాగితం మీద ఏమీ రాయలేదు. అయిపోయిన తరువాత నా దగ్గరకు వచ్చి, “మేడమ్, ఇది పాట కాదండీ. ఇది వింటూ నచ్చిందా లేదా అని అంకె వేయకూడదు” అని చాలా మర్యాదగా చెప్పారు. ఆమె మాట అక్షరాలా సరైనది. ఇస్లామిక సంప్రదాయంలో తిలావత్‌ను (ఖురాన్ పారాయణాన్ని), అజాన్‌ను సంగీతం అనరు. వాటిలో స్వరం ఎంత మధురంగా ఉన్నా అవి సంగీతమనే గంపలోకి రావు. వేదమంత్రాల గురించి, క్రైస్తవుల పవిత్ర సంస్కారంలో పాడే గీతాల గురించి కూడా ఇదే భావం ఉన్న పెద్దలు ఎందరో ఉన్నారు. వారికి వినడం, ఆరాధించడం రెండు వేర్వేరు పనులు. మొదటిది చేయడానికి వచ్చినవారి చేత రెండోది చేయించి, పైగా దానికి అంకెలు వేయమనడం అన్యాయం. కాబట్టి గ్రంథ పఠనాలు, మంత్రాలు, ప్రార్థనకు పిలుపులు జాబితాలో చేర్చకండి. వాద్యాలతో కూడిన సంగీతం పట్ల ముస్లింలలోనే వేర్వేరు అభిప్రాయాలు ఉన్నాయన్నది కూడా గుర్తుంచుకోండి. గుంటూరు కాలే మస్తాన్ వలీ దర్గా ఉర్సుకు వెళ్ళేవారికి ఖవాలీ భక్తి, మరికొందరికి వాద్యం లేకుండా పాడే ప్రవక్త స్తుతి (నాత్) వరకే సమ్మతం. ఏ ముక్కైనా వినడం ఇష్టం లేనివారు కారణం చెప్పకుండా బయటకు వెళ్ళి రావచ్చని ఆహ్వానంలోనే రాయండి.

ఇక వినిపించవలసినవి. ఒక్కొక్కటి రెండు మూడు నిమిషాలు, మొత్తం మీద ఆరు ముక్కలకు మించకూడదు. మొదట మాటలు లేని ఒక వాద్యం ఉండాలి. వాద్యాన్ని ఎంచుకునేటప్పుడు తెలుగు చెవులలో ఏ వాద్యమూ పూర్తిగా ఏ పక్షానికీ చెందనిది కాదని తెలుసుకోవాలి. నాదస్వరం వినగానే గుడి, పెళ్ళి గుర్తుకు వస్తాయి. ఆ వాద్యాన్ని శిఖరానికి తీసుకువెళ్ళినవారిలో కరవది గ్రామం నుంచి వెళ్ళి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా ఒకరని తెలిసినా చెవి తన అలవాటు మానదు. నా అనుభవంలో అన్నిటికంటే బాగా పని చేసేది హార్మోనియం. ఐరోపా నుంచి వచ్చిన ఈ పెట్టె మన భజన మందిరంలోనూ, పల్లె చర్చిలోనూ, ఖవాలీ వేదిక మీదా, పద్యనాటకాల పందిరి కిందా కూడా అంతే చనువుగా పలికింది. ఆకాశవాణి 1940 నుంచి మూడు దశాబ్దాలకు పైగా దానిని నిషేధించినా జనం మాత్రం దానిని విడిచిపెట్టలేదు. హార్మోనియం మీద మాటలు లేకుండా ఐదు స్వరాల మోహన రాగం వాయిస్తే, వినేవారు మనసులో ఎవరి ఇంటికి వారు వెళ్ళిపోతారు. పాశ్చాత్య క్రైస్తవ గీతాల్లోనూ కొన్ని ఈ ఐదు స్వరాల మీదే నడుస్తాయి కాబట్టి, మోహన ఈ పనికి ప్రత్యేకంగా తగిన రాగం.

రెండో ముక్కగా ఒకే రాగంలో రెండు మతాల కీర్తనలను, ఒకే గాయకుడో గాయనో పాడినవి, ఒకే శ్రుతిలో, ఒకే వేగంలో సిద్ధం చేసుకోండి. ఇది కొంచెం శ్రమ, కానీ దీనికి ప్రత్యామ్నాయం లేదు. వేర్వేరు గొంతుకలు, వేర్వేరు రికార్డింగులు వాడితే, తేడా మతం వల్ల వచ్చిందో గొంతు వల్ల వచ్చిందో తేల్చలేరు. నగరంలో ఘంటసాల పేరుతో ఉన్న ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల విద్యార్థుల వంటివారిని అడిగితే, ఇలాంటి పనికి సంతోషంగా పాడిపెడతారు. మొదటిసారి ‘మ్మ్’ అనే నాదంతోనో, అకారంతోనో మాత్రమే పాడించండి. రెండోసారికి మాటలతో పాడిన రికార్డింగు ఉంచుకోండి. మూడో ముక్కగా గదిలో ఎవరికీ తెలియని భాషలోని ఒక భక్తిగీతం ఉంచండి. నాలుగోది ఏ మతానికీ సంబంధం లేని జోలపాట గానీ, పొలం పాట గానీ కావాలి. దీని అవసరం కాసేపట్లో తెలుస్తుంది.

అన్నిటికీ ధ్వని ఒకే స్థాయిలో ఉండాలి. హఠాత్తుగా పెద్దగా మోగిన శబ్దానికి ఒళ్ళు ఉలిక్కిపడటం మతం పని కాదు, మెదడు అడుగున ఉండే మెదడు కాండం పని. పండుగ మైకుల హోరులో కలిగే ఉద్రేకంలో కొంత భాగం ఇదేనని మనం ఒప్పుకోవాలి.

వినిపించే విధానం

ప్రతివారికీ రెండు కాగితాలు ఇవ్వండి. వాటి మీద పేరు వద్దు, ఇద్దరికీ ఒకే గుర్తు రాకుండా ఒక పువ్వు పేరో పండు పేరో రాసుకోమనండి. మొదటి ఆవృత్తిలో ముక్కల పేర్లు, భాష, మతం, పాడినవారు ఎవరన్నది ఏదీ చెప్పకండి. ప్రతి ముక్క ముగిశాక రాయడానికి రెండు నిమిషాలు మౌనం ఉండాలి. ఈ మౌనాన్ని తగ్గించడానికి ఎంత మొహమాటం కలిగినా తగ్గించకండి.

రాయవలసిన వరుస ముఖ్యం. ‘నచ్చిందా’ అనేది ఆఖరి ప్రశ్న కావాలి, ఎందుకంటే అది అడిగిన వెంటనే మనిషి తీర్పరి అవుతాడు, తీర్పరి తన శరీరం మాట వినడు. మొదట శరీరాన్ని అడగండి: శ్వాస నెమ్మదించిందా, వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయా, గొంతులో ఏదైనా అడ్డుపడిందా, కాలు తాళం వేసిందా, దవడ బిగిసిందా. మన లాక్షణికులు (అలంకార శాస్త్రకారులు) స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అని ఎనిమిది సాత్త్విక భావాలను ఏనాడో లెక్కపెట్టి ఇచ్చారు. ఆ పట్టికను తేలిక తెలుగులోకి మార్చి కాగితం మీద అచ్చువేస్తే, ప్రశ్నలు కొత్తగా వెతుక్కునే పని ఉండదు. తరువాత కళ్ళ ముందు మెదిలిన దృశ్యం ఏమిటో, గుర్తుకు వచ్చిన మనిషి ఎవరో రాయమనండి. చివరికి ఒకటి నుంచి ఏడు వరకు ఒక అంకె.

పది నిమిషాల విరామం, టీ. ఆ సమయంలో ముక్కల గురించి మాట్లాడుకోవద్దని కోరండి. తరువాత రెండో ఆవృత్తి: ఈసారి ప్రతి ముక్కకు ముందు అది ఏమిటో, ఏ సంప్రదాయానిదో, ఎక్కడ పాడతారో ఒక్క వాక్యంలో చెప్పి, మాటలు ఉన్న రూపాన్ని వినిపించండి. మళ్ళీ అదే వరుసలో, రెండో కాగితం మీద రాయిస్తారు.

ఇక్కడ ఒక మోసం దాగి ఉంది. రెండోసారి అంకె పెరిగితే, తమ మతపు పాట అని తెలిసినందువల్లే పెరిగిందని అనుకోవడానికి వీల్లేదు. ఏ వస్తువునైనా మళ్ళీ మళ్ళీ ఎదుర్కొన్నంత మాత్రాన దాని మీద ఇష్టం పెరుగుతుందని మనస్తత్వవేత్త రాబర్ట్ జాయన్స్ 1968లోనే చూపించారు. అందుకే ఆ జోలపాట. దాని గురించి ఏమీ చెప్పకుండా, మొదటి రూపంలోనే రెండోసారి కూడా వినిపించండి. దాని అంకె ఎంత పెరిగిందో అంత పెరుగుదల పునరావృత్తి వల్ల వచ్చిందని తీసివేసి, మిగిలినదాన్ని మాత్రమే పేరు ప్రభావంగా చూడాలి. కొంచెం మోటు లెక్కే, కానీ ఏ లెక్కా లేకపోవడం కంటే మేలు. మాటలు చేరినందువల్ల కలిగే మార్పును కూడా విడదీయాలనుకునేవారు, కొందరికి పేరు చెప్పి మాటలు లేని రూపాన్నే వినిపించే మరో బృందాన్ని ఏర్పాటు చేసుకోవచ్చు.

కాగితాలను ఎలా చదవాలి

స్వీడన్‌కు చెందిన ప్యాట్రిక్ యుస్లిన్, డేనియల్ వెస్ట్‌ఫ్యెల్ 2008లో, సంగీతం మనలో భావాన్ని కలిగించడానికి ఆరు దారులున్నాయని ప్రతిపాదించారు: శబ్దానికి మెదడు కాండం స్పందన, పదే పదే జతపడినందువల్ల ఏర్పడే అలవాటు, గొంతులోని భావం అంటుకోవడం, మనోదృశ్యం, జ్ఞాపకం, తరువాతి స్వరం కోసం ఎదురుచూపు. కాగితాలు చదివేటప్పుడు ప్రతి వాక్యం పక్కన ఇది వీటిలో ఏ దారిన వచ్చిందో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. ‘మా నాయనమ్మ’ అని రాస్తే అది జ్ఞాపకం. ‘ఎందుకో తెలియదు, చేతులు జోడించాలనిపించింది’ అని రాస్తే అది అలవాటు. చిన్ననాటి నుంచి ఆ నాదమూ ఆ భంగిమా జతపడి ఉన్నాయి. ‘ఇప్పుడు పై షడ్జం అందుకుంటారని తెలుసు, అందుకోగానే ఒళ్ళు జలదరించింది’ అని రాస్తే అది ఎదురుచూపు. మాంట్రియల్‌లో వాలరీ సలింపూర్, రాబర్ట్ జటోరె బృందం 2011లో ప్రచురించిన పరిశోధనలో, తమకు ఒళ్ళు జలదరింపజేసే సంగీతాన్ని ఎంచుకుని విన్నవారి మెదడులో, ఆ శిఖర క్షణంలోనే కాకుండా దాని కోసం ఎదురుచూసే క్షణాల్లో కూడా ఆనందంతో ముడిపడిన డోపమీన్ అనే రసాయనం విడుదలవుతున్నట్లు తేలింది. ఎదురుచూడాలంటే ముందు తెలిసి ఉండాలి. ఒక సంప్రదాయంలో పెరిగినవారికి ఆ పాట ఎటు మలుపు తిరుగుతుందో శరీరానికే తెలుసు, బయటివారికి ఆ మలుపు కేవలం మలుపు.

ఈ ఆరు దారుల్లో ఎక్కడా మతం పేరు లేదని గమనించండి. నా అభిప్రాయంలో మతం ఏడో దారి కాదు. అది ఈ ఆరింటిలో చాలావాటికి సరుకు అందిస్తుంది. ఏ వరుసలు వారానికోసారి వినాలో, ఏ భంగిమతో వినాలో, ఎవరి పక్కన కూర్చుని వినాలో అది నిర్ణయిస్తుంది. కానీ ఆ సరుకు ఒక్క మతం నుంచే రాదు. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైన తరువాత, ఉదయపు భక్తిరంజని పక్కింటి రేడియోలో నుంచి అన్ని మతాల ఇళ్ళలోకీ వచ్చింది. యాభై ఏళ్ళు దాటిన ఒక ముస్లిం మిత్రుడు, పేరు తెలియని ఒక కృష్ణ సంకీర్తన వరుసకు ‘అమ్మ పొయ్యి ఊదుతున్న వాసన’ అని రాశారు. ఆ కాగితాన్ని ఏ మతం కింద లెక్కవేస్తారు?

పేరు చెప్పిన తరువాత వచ్చే మార్పు వేరే సంగతి. మనస్తత్వవేత్త హెన్రీ తాజ్‌ఫెల్ బృందం 1971లో ప్రచురించిన ప్రయోగాల్లో, బ్రిటన్ బడిపిల్లలను ఏదో చిత్రకారుడి మీద ఇష్టం పేరు చెప్పి, నిజానికి యాదృచ్ఛికంగా రెండు గుంపులుగా విడదీస్తే, అంతకుముందు ఏ వైరమూ లేని ఆ పిల్లలు కూడా తమ గుంపువారికే ఎక్కువ పంచిపెట్టారు. అంత పలచని గీతకే అంత బలం ఉంటే, పుట్టుక, పెళ్ళి, చావు అన్నీ ముడిపడిన మతమనే గీత గురించి వేరే చెప్పనక్కర్లేదు. రెండో కాగితంలో మొదట చూడవలసింది అంకె కాదు, శరీరం. మొదటిసారి ‘శ్వాస నెమ్మదించింది’ అని రాసినవారే రెండోసారి ‘భుజాలు బిగిశాయి’ అని రాస్తే, ఆ బిగువు చెవిలో పుట్టలేదు. అంకె మాత్రం మర్యాద కొద్దీ అలాగే ఉండవచ్చు. మనవారు ఎదుటివారి దేవుడికి తక్కువ మార్కులు వేయడానికి ఇష్టపడరు, కానీ శరీరానికి ఆ మొహమాటం ఉండదు.

తెలియని భాషలోని ముక్కకు ‘విషాదంగా ఉంది’, ‘ఉత్సాహంగా ఉంది’ అని చాలామంది సరిగ్గానే రాస్తారు. హిందూస్తానీ రాగాలను ఎన్నడూ వినని పాశ్చాత్య శ్రోతలు కూడా వాటిలోని సంతోషాన్ని, దుఃఖాన్ని, కోపాన్ని పోల్చుకోగలిగారని, శాంతాన్ని మాత్రం అంత తేలికగా పట్టుకోలేకపోయారని లారా-లీ బాల్క్‌విల్, విలియం థాంప్సన్ 1999లో చూపించారు. భక్తి సంగీతం మనల్ని చేర్చాలనుకునే చోటు చాలాసార్లు ఆ శాంతమే. పరాయి మతపు పాట విని ‘బాగానే ఉంది కానీ ఏమీ కలగలేదు’ అని రాసినవారిని మనసు మూసుకున్నవారిగా చూడకండి. లోపల పెరిగినవారికి మాత్రమే అందే ఒక భావం అక్కడ ఉండి ఉండవచ్చు.

దీనికి ఎదురుగా నిలిచే ఒక సాక్ష్యం కూడా ఉంది, దాన్ని దాచడం సరికాదు. ల్యుచియానో బెర్నార్ది బృందం 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన అధ్యయనంలో 23 మంది చేత లాటిన్‌లో జపమాల ప్రార్థననూ, ‘ఓం మణిపద్మే హుం’ అనే బౌద్ధ మంత్రాన్నీ చెప్పిస్తే, రెండింటిలోనూ శ్వాస నిమిషానికి దాదాపు ఆరుసార్లకు నెమ్మదించింది, గుండె లయలు దానితో కలిసి నడిచాయి. గుణదల కొండ ఎక్కుతూ జపమాల తిప్పే అవ్వ ఊపిరి, దుర్గ గుడి మెట్ల మీద నామం చెప్పుకునే అవ్వ ఊపిరి ఒకే లయలో ఉండే వీలుంది. ఆ ఊపిరికి వారు ఇచ్చుకునే అర్థం మాత్రం ఒకటి కాదు, ఆ తేడాను చెరిపేసే హక్కు మనకు లేదు. ఆఖరి సంభాషణలో ఈ రెండు విషయాలనూ కలిపి చెప్పండి. ఒకటి చెప్పి మరొకటి మింగేస్తే గదిలో సగం మంది మిమ్మల్ని నమ్మరు.

మాట్లాడుకునేటప్పుడు

ప్రతివారూ ‘నాకు’ అని మొదలుపెట్టాలి, ‘మా వాళ్ళకు’ అని కాదు. ఈ ఒక్క నియమాన్ని గట్టిగా పాటించండి. ఎవరైనా పక్కవారి స్పందనకు కారణం చెప్పబోతే, నెమ్మదిగా ఆపి ఆ పక్కవారినే అడగండి. తన కాగితాల్లో తేడా చూసి నొచ్చుకునేవారు ఉంటారు. ఒక పెద్దాయన, తాను ఏ భేదమూ లేనివాడినని నమ్మి వచ్చి, రెండో కాగితంలో తన చేతిరాతతో ఉన్న ‘విసుగు’ అనే మాటను చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. అలాంటివారిని అక్కడే ఓదార్చడానికీ, సమర్థించడానికీ పూనుకోకండి, ఆ మౌనం వారికి కావాలి. ఎవరూ మాట్లాడటానికి ఇష్టపడకపోతే, బుర్రకథకు ప్రాణం పోసిన పొన్నెకల్లు షేక్ నాజర్ గురించి రెండు మాటలు చెప్పి, ఆ కథలు విన్న రోజుల గురించి పెద్దవారిని అడగండి. మా జిల్లాలో ఈ ప్రస్తావనకు నోరు విప్పనివారిని నేను చూడలేదు.

పది మంది కాగితాల నుంచి ఏ మతం గురించీ నిర్ధారణ చేయకండి. రికార్డు చేసి వాట్సాప్‌లో పెట్టకండి, అనుమతి ఇచ్చినా పెట్టకండి. గదిలో ఒక వాక్యంగా ఉన్నది బయట గొడవగా మారడానికి ఎంతో సేపు పట్టదు. అంకెలను, మీకు అవసరమైన మాటలను రాసుకున్న తరువాత, ప్రతివారి రెండు కాగితాలనూ గుండుసూదితో కలిపి వారికే ఇచ్చేయండి. ఒక నెల గడిచాక ఫోను చేసి ఒకే ప్రశ్న అడగండి: ఆ రోజు విన్న ముక్కల్లో ఏదైనా వరుస ఈ మధ్య మీ నోట తనంతట తాను వచ్చిందా? వచ్చిందని చెబితే, అది ఎవరి కీర్తనో వారికి అప్పుడు గుర్తుందో లేదో కూడా అడిగి రాసుకోండి.